ఆఫ్రికా సిస్టర్ అన్న ఒక్క మాట

"టీచరమ్మా, ఆఫ్రికా సిస్టర్ పోయింది" అని పొద్దున్నే పాలామె చెబితే, "ఎక్కడికి?" అని అడిగాను.

నలభై ఆరేళ్లు వచ్చాయి నాకు. బి.ఏ., బి.ఎడ్. చదివాను. ఇరవై ఏళ్లుగా జహీరాబాద్ హైస్కూల్లో పిల్లలకు సోషల్ చెబుతున్నాను. 'పోయింది' అంటే అర్థం తెలియనిదాన్ని కాదు. అయినా ఎక్కడికి అనే అడిగాను. పాలామెది చిరాగ్‌పల్లి. చెంబు పట్టుకొని నా మొహంలోకి వింతగా చూసింది.

"ఎక్కడికేందమ్మా! సచ్చిపోయింది. మూడొద్దులు జరమొచ్చింది, పాణం ఇడిసింది. మొన్న సోమారం మట్టి జేసినం. ఊరంత కదిలొచ్చింది. మీకు ఖబర్ రాలేదా?"

రాలేదు. నాకెవరు చెబుతారు? చెబితే నేను వస్తానని మాత్రం ఎవరనుకుంటారు?

"పాలు పొయ్యాల్నా వద్దా?" అంది పాలామె.

గిన్నె పట్టాను. రోజూ ఆ కొలత దగ్గర ఆమెకూ నాకూ యుద్ధమే. ఎవరైనా ఒక మాటంటే పది మాటలు అప్పజెప్పే నోరు నాది. మా వీధిలో నాతో వాదన పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే అంటారు. ఆ నోరు ఆ రోజు గిన్నె నిండి పాలు కిందికి కారుతున్నా పలకలేదు.

నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది ఆఫ్రికా సిస్టర్.

పేరు రాయను. ఆమెకు పేరు లేక కాదు. మంచి పేరే ఉండేది, ఇంటి పేరుతో సహా. ఊళ్లో ఎవరూ దాన్ని వాడలేదు, అందరికీ ఆఫ్రికా సిస్టరే. ఆ పేరును ఒకే ఒకసారి, పూర్తిగా, అచ్చు గుండ్రని అక్షరాలతో కాగితం మీద రాసింది నేను. దానివల్ల జరిగింది చాలు.

మా దగ్గర ఎవరింటికైనా పోతే వాకిట్లోంచే "ఏం జేస్తున్నవక్కా" అంటూ వంటింటిదాకా నడిచిపోతాం. ఆమె అట్లా వచ్చేది కాదు. గడప బయట నిలబడి "హోడీ!" అని పిలిచేది. కాసేపాగి మళ్లీ "హోడీ!" మూడోసారికి కూడా లోపలినుంచి పలుకు రాకపోతే, లోపల మనిషి నిక్షేపంగా కూర్చొని బియ్యం ఏరుకుంటున్నా సరే, వెనక్కి తిరిగి వెళ్లిపోయేది. వీధి పిల్లలకు అదొక ఆట.

"ఓడితివా సిస్టరూ?"

"ఈ పూట ఓడిన లేరా. రేపు గెలుస్త."

ఒకసారి నేనే అడిగాను, ఈ వేషం ఏమిటని. "వేషం గాదు టీచరమ్మా. అక్కడ తలుపు చేత్తోని కొట్టరు, గొంతుతోని కొడతరు. లోపలోళ్లు రమ్మంటెనే కాలు పెట్టాలె. రోగి ఇల్లు రోగిది, నర్సుది గాదు అని మా మామ మొదటి దినమే చెప్పింది" అంది.

"మామ చెప్పింది ఏంది? చెప్పిండు అను."

"మామ అంటే అమ్మ. అక్కడ గట్లనే అంటరు. మా పెద్ద నర్సమ్మ."

"అమ్మను మామ అనే దేశంలో చదివొచ్చి మాకు మర్యాదలు నేర్పుతున్నవా?" అన్నాను. ఆమె పకపకా నవ్వింది. నా మాటలకు నొచ్చుకోకుండా నవ్విన మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కతే. అది నాకు ఇంకా మంట.

చేతులు కడుక్కోవడం ఒక తతంగం. మోచేతులదాకా సబ్బు రుద్దుతూ, పైకే అక్కడి భాషలో లెక్కపెట్టేది. "మోజా... ఎంబిలి... తాతూ..." తాతూ దగ్గరికి రాగానే పిల్లలంతా "తాతా! తాతా!" అని కేకలు. ఆమె లెక్క తప్పేది కాదు. పొట్ట మీద పెట్టి పసిగుడ్డు గుండె వినే చెక్క గొట్టం ఒకటుండేది ఆమె దగ్గర, చిన్న బూర లాంటిది. దానికి చెవి ఆనించి, కళ్లు మూసుకొని, ఒక వేలు పైకెత్తేది. ఆ వేలు లేచిందంటే గదిలో అత్తలూ ఆడబిడ్డలూ అందరి నోళ్లూ మూతపడాల్సిందే. వేలు దించి, "గుర్రం ఉరికినట్టు ఉరుకుతున్నది" అనేది. అప్పుడు అందరికీ ఊపిరాడేది.

ఇంకో అలవాటు గడియారం. ఏ పని చేసినా ఎన్ని గంటలకు చేసిందో బాల్‌పెన్నుతో ఎడమ ముంజేతి మీద రాసుకునేది. సాయంత్రానికి ఆ చెయ్యి రైల్వే స్టేషన్లో బండ్ల పలక లాగా ఉండేది. దీని వెనక కథ ఆమే చెప్పింది. అక్కడ గంటలు పొద్దు పొడిచినప్పటినుంచి లెక్కపెడతారట. మనకు ఎనిమిదైతే వాళ్లకు రెండు. చేరిన మొదటి వారమే, ఫలానా ముసలాయనకు రెండింటికి మందియ్యమని పెద్ద నర్సమ్మ చెబితే, ఈమె మధ్యాహ్నం రెండుదాకా ఓపిగ్గా కూర్చుంది. పొద్దున ఎనిమిదింటికి పడాల్సిన మందు. ముసలాయన బతికాడు. "ఆయన బతికిండు గనకనే నేను నర్సునైన. లేకుంటే ఆ దినమే వాపస్ వచ్చేదాన్ని" అనేది.

ఆఫ్రికాకు ఎట్లా పోయిందంటే, మొక్కు మీద పోలేదు, మోజు మీదా పోలేదు. వాళ్ల అన్న టాంజానియాలో లెక్కల టీచరుగా పనికి కుదిరాడు. వదిన నెలలు నిండిన మనిషి, తోడు కావాలి. ఈమె అప్పుడే మా స్కూల్లోనే, అప్పట్లో హైస్కూళ్లలోనే ఉండే పన్నెండోది ముగించి ఇంట్లో ఉంది. అట్లా దొడోమా దిక్కున ఒక పల్లెకు పోయి పడింది. వదిన కాన్పు అక్కడి మిషన్ దవాఖానలో జరుగుతుంటే ఈమె పక్కనే నిలబడి, నెత్తురు చూసి కళ్లు తిరగకుండా, అడగకముందే గుడ్డలు అందించిందట. పెద్ద నర్సమ్మ ఆమె రెండు చేతులూ తిప్పి చూసి, "ఇవి నాకియ్యి" అందట.

"ఇచ్చిన" అనేది ఆమె, చేతులు చాపి చూపిస్తూ. "నాలుగేండ్లు ఇచ్చిన."

క్లాసులు ఇంగ్లీషులో, వార్డు స్వాహిలిలో. తెలుగు మీడియం పిల్లకు రెండూ రావు. మొదటి పదిరోజులు మూగదానిలా తిరిగిందట. పదకొండో రోజు ఒక రోగి "దవా, దవా" అని పిలిచాడట. "దవా అనంగనే నాకు ఏడ్పొచ్చింది టీచరమ్మా. మన పక్కింటి ఖాలా పిలిచినట్టే అనిపించింది. అక్కడ గూడ మందును దవానే అంటరు. చాయ్‌ను చాయే అంటరు. తినేది జొన్న గటకనే. నేల గూడ మన ఝరాసంగం తీరుగ ఎర్రగ ఎండి ఉంటది. ఇగ పరాయి దేశమెట్లయితది?"

అయితే వాళ్లకు మాత్రం ఈమె పరాయిదే. అక్కడ మనవాళ్లంటే దుకాణాల వాళ్లే. తూకం వేసి అమ్మేవాళ్లు మా పుండు ముట్టుకుంటారా అని రోగులు మొహం తిప్పుకునేవారట. ఒక ముసలమ్మ ఆరు రోజులు కాలు చూపించలేదు. ఏడో రోజు పెద్ద నర్సమ్మ ఈమెను ఆ ముసలమ్మతో ఒకే పళ్లెంలో గటక తినడానికి కూర్చోబెట్టింది. ఎంగిలి పళ్లెం. ఇక్కడ వీళ్ల మేనత్త పక్క కులం వాళ్లింట్లో మంచినీళ్లు కూడా తాగదు. ఈమె తింది. ముసలమ్మ కాలు చాపింది.

ఇట్లాంటివి చెబుతుంటే ఊళ్లో ఆడవాళ్లు నోళ్లు తెరుచుకొని వినేవారు, విన్నాక అడగాల్సిందే అడిగేవారు. "అక్కడ మనుషులను మనుషులే తింటరంట గద పిల్లా?"

"తింటరు. నన్ను సగం తిని, సగం మీకు పంపిన్రు."

నాతోనూ ఒకసారి పెట్టుకుంది. "మీ పుస్తకంల ఆఫ్రికాను చీకటి ఖండం అని రాసిన్రంట, మీరు గట్లనే చెప్తరంట. నేను నాలుగేండ్లున్న. పొద్దున ఆరింటికే ఫెళ్లున ఎండొస్తది టీచరమ్మా."

"అది అజ్ఞానం గురించి రాసింది, ఎండ గురించి కాదు" అన్నాను.

"మరి గా అజ్ఞానం రాసినోళ్లదా, ఉన్నోళ్లదా?"

పదిమంది పిల్లల ముందర. ఆ రోజునుంచి ఆమె అంటే నాకు ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకొనే ఉంది. ఇది ఇక్కడే చెప్పేయాలి. దాచుకుంటే తరువాత చెప్పబోయేదంతా అబద్ధమైపోతుంది.

తిరిగి వచ్చాక, అక్కడి సర్టిఫికెట్‌కు ఇక్కడ విలువ లేదని సర్కారు కొలువు ఇవ్వలేదు. రైల్వే గేటు దగ్గర ఒక డాక్టరమ్మ నడిపే చిన్న కాన్పుల దవాఖాన ఉండేది. ఇప్పుడక్కడ టైర్ల దుకాణం. అందులో కుదిరింది.

మా చెల్లెను ఝరాసంగం దగ్గరి పల్లెకు ఇచ్చాం. మొదటి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది, జొన్న కోతల కాలం. పొద్దున ఎనిమిదింటికి టాంగాలో ఆ దవాఖానకు తీసుకుపోయాం. నేనూ మా అమ్మా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. సిస్టర్ చెక్క గొట్టం పెట్టి వింది, వేలు దించింది, నవ్వింది. పదకొండు దాటాక ఒకసారి బయటికి వచ్చి, "డాక్టరమ్మ వస్తున్నది, ఫికర్ చెయ్యకుండ్రి" అంది. పక్క గదిలోంచి వస్తున్నది కాబోలు అనుకున్నాను. పన్నెండు దాటాక పసిపిల్ల ఏడుపు వినబడింది. ఆయా గుడ్డలో చుట్టిన ఆడపిల్లను తెచ్చి మా అమ్మ ఒళ్లో పెట్టింది.

"తల్లెట్లున్నది?"

"సిస్టరు సూస్తున్నది" అని లోపలికి పోయింది.

ఆ తరువాత తలుపు తెరుచుకోలేదు. ఒకటైంది. రెండైంది. మా అమ్మ తెలిసిన దేవుళ్లందరి పేర్లూ అయిపోయి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మూడు కావస్తుండగా లోపల డాక్టరమ్మ గొంతు గట్టిగా వినబడింది. కాసేపటికి తలుపు తీసుకొని సిస్టర్ బయటికి వచ్చింది.

మోచేతులదాకా కడిగిన తడి. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. కుడిచేతి వేళ్లు పిడికిలిగా ముడుచుకొని ఉన్నాయి, తెరవబోతే తెరుచుకోవడం లేదు. నేరుగా మా అమ్మ దగ్గరికి వచ్చి, బల్ల మీద కాకుండా కింద, మా అమ్మ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. మా అమ్మ చేయిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పోలె" అంది. "పోలె, అమ్మా. పోలె సానా."

ఆ మాట మాకు కొత్తది కాదు. వీధిలో పిల్లవాడు పడి మోకాలు చెక్కుకుపోతే ఆమె ఉరికి వచ్చి "పోలె, పోలె" అనేది. ఏం పోలేదు, ప్రాణమేం పోలేదు, లే అని ధైర్యం చెబుతోందని మేమంతా అనుకునేవాళ్లం. మేమూ అంతే కదా అనేది? వచ్చిండా అంటే రాలే. తిన్నవా అంటే తినలే. పోయిందా అంటే పోలే.

మా అమ్మ ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "పోలేదా? నా బిడ్డ పాణం పోలేదా తల్లీ?"

సిస్టర్ ఉలిక్కిపడింది. తల అడ్డంగా ఆడించింది. "లేదమ్మా..." అంది.

"లేదంట! పోలేదంట!" మా అమ్మ పసిదాన్ని గుండెకు హత్తుకొని పెద్దగా ఏడుస్తూ నవ్వింది. "ఓ పెద్దదానా, నీ చెల్లె బతికిందే! నీ కడుపు సల్లగుండ సిస్టరమ్మా, నీ చేతులు సల్లగుండ!" అని సిస్టర్ తల నిమురుతోంది.

నేనేం చేశానో చెప్పాలి. లేచి నిలబడి, కళ్లు తుడుచుకొని, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు పోయాను. అందరికీ చాయ్ చెప్పాను. హోటలాయన "క్యా హువా టీచర్‌సాబ్, బడీ ఖుష్ హై?" అని నా సంతోషానికి కారణం అడిగితే "చెల్లెకు ఆడపిల్ల పుట్టింది" అన్నాను. కెటిల్, గ్లాసులు నేనే పట్టుకొని వచ్చాను. వచ్చేసరికి సిస్టర్ అక్కడే, నేల మీదే ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. మా అమ్మ ఇంకా దీవిస్తూనే ఉంది. సిస్టర్ నా వైపు చూసిన చూపును అప్పుడు అర్థం చేసుకోలేదు. ఒక గ్లాసు నింపి, చెల్లెకు తాగిద్దామని లోపలికి పోయాను.

దుప్పటి మొహం మీదికి కప్పి ఉంది.

నా చేతిలో గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. కిటికీలో పెట్టవచ్చు, కింద పెట్టవచ్చు. పెట్టలేదు. అది చల్లారి మీగడ కట్టేదాకా పట్టుకొనే నిలబడ్డానని ఆయా తరువాత చెప్పింది. బయట మా అమ్మ నవ్వు వినబడుతోంది. దాన్ని ఆపాల్సింది నేనే. ఒక తల్లికి బిడ్డ బతికిందని చెప్పి, కాగు పొంగినట్టు పొంగనిచ్చి, ఆమె ఇంకో కూతురే బయటికి వెళ్లి ఆ నిప్పును ఆర్పాలి. ఆర్పాను. ఎట్లా చెప్పానో గుర్తు లేదు. మా అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. అది గుర్తుంది.

మూడు వారాల తరువాత కాగితం తీసుకున్నాను. డాక్టరమ్మకు ఫిర్యాదు. ఊరి పెద్దలు ఇద్దరికి నకళ్లు. ఫలానా పేరు గల నర్సు, రోగి చనిపోయిన సంగతి తెలిసీ, బతికి ఉందని అబద్ధం చెప్పి, తల్లిని చిత్రవధ చేసిందని రాశాను. నా తెలుగు మంచిదని అందరూ అంటారు. ఆ రోజు మరీ బాగా కుదిరింది.

మా అమ్మ పసిదానికి పాలు పడుతూ అంది, "రాయకే. ఆ పిల్ల కింద కూసొని నా చేతులు పట్టుకున్నది. ఇంకెవ్వరు పట్టుకోలే."

"నీకేం తెలుసు, నువ్వూరుకో" అన్నాను.

డాక్టరమ్మ తన గదిలో అందరినీ కూర్చోబెట్టింది. ఇద్దరు పెద్దమనుషులు, నేను. సిస్టర్ గోడకు ఆనుకొని నిలబడింది. నేను ఫిర్యాదు చదివాను.

"ఆ మాట నేనే అన్న" అంది సిస్టర్. "తప్పే. అది అక్కడి మాట. బాధ పడ్డోళ్లను చూస్తే అక్కడ పోలె అంటరు. అయ్యో అన్నట్టు. నాకు తెలవకుంటనే నోట్లెకెళ్లి వచ్చింది. అమ్మ గట్ల అనుకున్నదని తెలిసినంక నాకు నోరు రాలె."

"మా చావు మీద కూడా నీ ఆఫ్రికా సదువే చూపించాల్నా? నీకు తెలుగు రాదా? ఏ తల్లి కడుపున పుట్టినవ్?" అన్నాను.

"వస్తది టీచరమ్మా. కానీ మీరు జర గంటల సంగతి గూడ..."

"గంటల సంగతి కాదు, నోటి సంగతి! మాట మార్చకు!" అని అందుకున్నాను. ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. పెద్దమనుషులు తలలూపారు. డాక్టరమ్మ లేచి వచ్చి స్వయంగా నాకు మంచినీళ్లిచ్చింది. "మీరన్నది అక్షరాలా నిజం టీచర్ గారూ. నోరు అదుపులో లేని మనిషిని మా దగ్గర ఉంచుకోం" అంది. ఆ రోజే తీసేశారు.

నేను గెలిచి ఇంటికి వచ్చాను.

ఆ సర్టిఫికెట్‌తో ఆమెకు ఇంకెక్కడా పని దొరకలేదు. చిరాగ్‌పల్లిలో మేనత్త ఇంటికి చేరి, చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులు చేస్తూ కాలినడకన తిరిగింది. ఆరేళ్లపాటు నేను ఆ పేరు ఎత్తలేదు.

ఆరేళ్లకు వాళ్ల అన్న సెలవు మీద వచ్చి, కొడుకును చేర్పించడం గురించి మా స్కూలుకు వచ్చాడు. నాకు ఆయనెవరో తెలుసు, ఆయనకు నేనెవరో తెలుసు. ఇద్దరం తెలియనట్టే మాట్లాడుకున్నాం. రిజిస్టరు తేవడానికి లేచాను. బల్ల కాలు నా కాలి బొటనవేలికి తగిలింది. గోరు లేచిపోయింది.

"పోలె, పోలె!" అన్నాడాయన.

అని, నాలుక కరుచుకున్నాడు. ఆయన కావాలని అనలేదు. నెత్తురు చూడగానే ఆయన నోట్లోంచి, మనకు అయ్యో వచ్చినట్టే, అది వచ్చింది. ఆరేళ్లుగా నేను సాకు అనుకున్న మాట.

అప్పుడాయన చెప్పాడు. చెల్లెలు చదువుకు చేరిన కొత్తలో ఒక తల్లికి బిడ్డ పుట్టి పోయిందట. ఈమె పక్కనే నిలబడి ఏమీ అనలేదు. పెద్ద నర్సమ్మ అడిగింది, పోలె చెప్పినవా అని. "నా తప్పేం లేదు, నేనెందుకు చెప్పాలె?" అందట ఈమె, క్షమాపణ కాబోలనుకొని. పెద్ద నర్సమ్మ చెయ్యి పట్టి లాక్కుపోయి ఆ తల్లి ముందు నేల మీద కూర్చోబెట్టింది. తప్పు ఎవరిదైనా కానీ, చేతులు పట్టుకొని ఆ మాట చెప్పకుండా అక్కడినుంచి లేవకూడదంది. "అప్పటికెళ్లి మా చెల్లెకు అది ఎముకలల్ల ఇంకిపోయింది టీచరమ్మా" అన్నాడు.

మరుసటి ఆదివారం బస్సెక్కి చిరాగ్‌పల్లి పోయాను. గడప బయట నిలబడి ఏమని పిలవాలో తెలియక దగ్గాను. ఆమే చూసి, పీట వేసింది. అమ్మ ఎట్లుంది, పిల్ల ఏం చదువుతోంది, పళ్లూడినయా, మీ దిక్కు వాన పడ్డదా అని ఒక్కొక్కటీ అడిగింది. నేను చెప్పడానికి వచ్చింది చెప్పాను. ఆ మాట నిజమని తెలిసింది, నాది తప్పు అని. నా జన్మలో అట్లాంటి వాక్యం అప్పటిదాకా అనలేదు.

"ఆ మాట సంగతి ఇడిచిపెట్టుండ్రి" అంది. "మీరు అడగాల్సింది ఒకటుండె. అడగలే."

"ఏంది?"

"డాక్టరమ్మ ఎన్ని గంటలకు వచ్చిందని."

నాకు అర్థం కాలేదు. ఆమె ఎడమ ముంజేయి చాపి, అక్కడ ఏమీ రాసి లేకపోయినా, చదువుతున్నట్టు చెప్పింది. పొద్దున తొమ్మిదింటికే డాక్టరమ్మ బీదర్‌లో ఎవరిదో నిశ్చితార్థానికి పోయింది. పదకొండింటికి కష్టమయ్యేటట్టుందని ఈమె ఫోన్ చేయించింది. వస్తున్న, ఎక్కడికీ పంపకుండ్రి అంది డాక్టరమ్మ. పన్నెండుం పావుకు బిడ్డ. పన్నెండున్నరకు నెత్తురు ఆగలేదు. మళ్లీ ఫోన్. మళ్లీ వస్తున్న. రెండు గంటలపాటు ఈమె పిడికిలితో మా చెల్లె కడుపును లోపలికి అదిమి పట్టి ఉంది. చెయ్యి మారిస్తే నెత్తురు ఉరుకుతుందని మార్చలేదు. రెండు నలభైకి చెల్లె పోయింది. రెండు యాభైకి కారు వెనక గేటునుంచి వచ్చింది.

"జీపు మాట్లాడి సంగారెడ్డి పెద్ద దవాఖానకు తోలాల్సింది. ఆమె వస్తదని ఆగిన. అది నేను జేసిన తప్పు. దాన్ని మీరు రాస్తే దస్తఖత్ పెట్టేదాన్ని."

తెరుచుకోని ఆ పిడికిలిని నేను చూశాను. భయం అనుకున్నాను. మా చెల్లె ప్రాణం పోయిన తీరు గురించి నా ఫిర్యాదులో ఒక్క వాక్యం లేదు. రెండు పేజీలూ ఒక మాట గురించే. డాక్టరమ్మ నాకు మంచినీళ్లు ఎందుకిచ్చిందో అప్పుడు తెలిసింది. ఆమె అప్పటికే దవాఖాన అమ్మేసి పట్నం వెళ్లిపోయింది. ఇది మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఈ కాగితం మీదే మొదటిసారి.

ఇంత జరిగినా నా నోరు నాదే. అక్కడ కూర్చొని కూడా ఆమె మీదికే లేచాను.

"మరి ఆ రోజెందుకు చెప్పలేదు? పెద్దమనుషులున్నరు, డాక్టరమ్మ ఎదురుగనే ఉన్నది. ఒక్క మాట చెప్తే నేను ఆమె గొంతు పట్టుకోకపోదునా? నీ కొలువు నీకుండేది, మా చెల్లెకు న్యాయం జరిగేది. ఎందుకు చెప్పలే?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం వెతికాను. కనబడితే బాగుండేది.

"చెప్పిన టీచరమ్మా" అంది. "మీరు మాట్లాడుడు ఆపలే."